జెట్ ప్రవాహం తుపానులను ‘మోసుకుపోతుందా’?

‘జెట్ ప్రవాహం తుపానులను తనతో మోసుకుపోతుంది’ అన్న వాక్యంలో క్రియ సరిగ్గా కుదిరిందా అని ఒక మిత్రులు ఇక్కడ అడిగారు. (జెట్ ప్రవాహమంటే ఆకాశంలో చాలా ఎత్తున అతివేగంగా వీచే గాలి.) వ్యాకరణ రీత్యా అందులో దోషమేమీ లేదు. చిక్కంతా ఆ వాక్యం చెబుతున్న విషయంలోనే ఉంది.

వాగు దుంగను మోసుకుపోతుందన్నప్పుడు దుంగ వాగుతో పాటే, ఇంచుమించు దాని వేగంతోనే సాగుతుందని మనకు అర్థమవుతుంది. ఇక్కడ సంగతి అలా లేదు. నేలకు సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే ధ్రువ జెట్ ప్రవాహం శీతకాలంలో గంటకు 200 కిలోమీటర్లకు మించి, అరుదుగా 400 కిలోమీటర్ల వరకు కూడా పోతుండగా, దాని కింద కదిలే అల్పపీడనాలు చాలా వెనుకబడి నడుస్తాయి. అవి దాదాపు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తులోని గాలి దిశను అనుసరించి, ఆ గాలి వేగంలో రమారమి సగంతో సాగుతాయన్నది వాతావరణ నిపుణుల పాత లెక్క. ఈ పాటి సంబంధానికి ‘నడిపించు’ అన్న క్రియ చాలు.

అయితే ‘నడిపించు’ కూడా సగం సంగతే చెబుతుంది, ఎందుకంటే జెట్ ప్రవాహం ఉన్న తుపానుకు దారి చూపడమే కాక, లేని తుపానును లేపుతుంది కూడా. ప్రవాహం పొడవునా వేగం ఒకే తీరుగా ఉండదు. నడుమ నడుమ అతివేగపు పట్టీలు ఏర్పడతాయి. ఉత్తరార్ధగోళంలో, గాలి పోయే దిశగా చూస్తే, అటువంటి పట్టీ ముందు కొసకు ఎడమ పక్కన, వెనుక కొసకు కుడి పక్కన పైగాలి విచ్చుకుపోతుంది. కింద వచ్చి చేరే గాలి కంటే పైన తరలిపోయే గాలి ఎక్కువైతే, ఆ చోట నేల మీది పీడనం పడిపోతుంది, గాలి పైకి లేస్తుంది, మేఘాలు కమ్ముతాయి. 1999 డిసెంబరు 26న ఉత్తర ఫ్రాన్సును, దక్షిణ జర్మనీని చిన్నాభిన్నం చేసిన లోథర్ తుపాను అట్లాంటిక్ మీద చిన్న అల్పపీడనంగానే బయలుదేరి, బలమైన జెట్‌ను దాటుకుని దాని ఎడమ పక్కకు చేరుతున్న వేళ ఉగ్రరూపం దాల్చింది.

ఇక అసలు తమాషా కర్త, కర్మల దగ్గర ఉంది. ఈ తుపానుల సుళ్లు పడమటి గాలి ఊపును తిరిగి జెట్ ప్రవాహానికే అందిస్తాయి. మధ్య అక్షాంశాల జెట్ నిలబడేది చాలావరకు ఆ ఊపుతోనే. మరోవైపు అవే వేడిని ధ్రువాల వైపు తరలించి, జెట్‌కు మూలమైన ఉష్ణోగ్రతల తేడాను తగ్గిస్తాయి. అంటే మన వాక్యంలోని కర్మ, మరో వాక్యంలో హాయిగా కర్త అయి కూర్చుంటుంది.

‘తుపాను’ అన్న నామం విషయంలోనూ జాగ్రత్త అవసరం. వెచ్చని సముద్రం మీద పుట్టే ఉష్ణమండల తుపానుకు జెట్ సాధారణంగా శత్రువు: పైన, కింద గాలుల తేడా ఎక్కువైతే దాని నిర్మాణం ఒరిగి చెదిరిపోతుంది. జెట్ అండతో పెరిగేవి వెచ్చని, చల్లని గాలులు కలిసే చోట పుట్టే మధ్య అక్షాంశాల తుపానులు. రెంటికీ ఒకే మాట వాడేటప్పుడు కనీసం ఒక విశేషణం తప్పదు.

అలాగే ‘తుపాను మార్గం’ అంటే ఒకే తుపాను నడిచిన గీత అనిపిస్తుంది. జెట్ గురించిన రాతలో ఉద్దేశించేది ఏటా ఎన్నో తుపానులు వరుసగా నడిచే విశాలమైన పట్టీ. జపాన్ తూర్పు సముద్రం నుంచి ఉత్తర అమెరికా పడమటి తీరం దాకా ఒకటి, ఉత్తర అమెరికా తూర్పు తీరం నుంచి ఐరోపా దాకా మరొకటి. ఎల్ నినో (పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కడం) ఉన్న శీతకాలాల్లో పసిఫిక్ జెట్ తూర్పుకు సాగినప్పుడు కాలిఫోర్నియా దక్షిణ భాగం వైపు జరిగేది ఈ పట్టీయే. దీనికి బహువచనంతో ‘తుపానుల బాట’ అనవచ్చునని నా సూచన. ఇంతకంటే మేలైన మాట తోచినవారు ఇక్కడే తెలుపగలరు.