'అడిగిన జీతంబియ్యని' పద్యం: కాలేజీ ఆటగాళ్ల బదిలీలకు వర్తిస్తుందా?

ఏటిగట్టు:
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ప్రకటనల డబ్బు దగ్గర పేచీ వచ్చి ఎవరైనా యూనివర్సిటీ మారితే చాలు, మన తెలుగువాళ్ల పోస్టుల కింద ఈ సుమతి కందం ప్రత్యక్షమవుతోంది:

అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ

నా సందేహం మొదటి మాట దగ్గరే. 'అడిగిన జీతం' అంటే అడిగినప్పుడు ఇవ్వాల్సిన జీతమా, అడిగినంత జీతమా? మొదటిదైతే పద్యం బాకీ గురించి, రెండోదైతే బేరం గురించి. 2024లో యూఎన్‌ఎల్‌వీ (లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ) జట్టును వదిలేసిన మాథ్యూ స్లూకాకూ, 2025లో టెన్నెసీ నుంచి బయటికొచ్చిన నికో ఇయామలియావాకూ ఒకే పద్యం చదవొచ్చా?

లఘువు:
వ్యాకరణం ఒక్కటే పట్టుకుంటే తేలదండీ. తెలుగులో ఈ రకం విశేషణం ఎటైనా ఒదుగుతుంది. 'తిన్న అన్నం' అంటే అన్నం కర్మ, 'తిన్న చెయ్యి' అంటే చెయ్యి సాధనం, 'తిన్న రోజు' అంటే రోజు కాలం. రూపం మూడుచోట్లా ఒకటే. 'అడిగిన జీతం'లో జీతం అడగబడినది, అంతవరకే ఖాయం. ఎంత అడిగాడు, ఎప్పుడు అడిగాడు అన్నది ఆ మాటలో లేదు.

అయితే పద్యం మొత్తం చూస్తే మొగ్గు బాకీ వైపే. బడిపుస్తకాల తాత్పర్యం కూడా 'అడిగినప్పుడు జీతం ఇవ్వని గర్విష్ఠి ప్రభువు' అనే చెబుతుంది. అసలు తేల్చేది రెండో పాదంలోని 'మిడిమేలపు'. మిడిమేలం అంటే గర్వం, మిడిసిపాటు. అడిగినంత ఇచ్చుకోలేని యజమానిని గర్వి అని ఎందుకంటాం? ఇవ్వాల్సింది ఉండీ, అడిగినా లెక్కచేయనివాడికే ఆ విశేషణం తగులుతుంది. 'మిడుకుట' అంటే అక్కడే ఉండి బాధతో కొట్టుమిట్టాడటం. కొన్ని ప్రతుల్లో 'మిడుగుట' అని ఉంటుంది. రెండింటితోనూ గణం, యతి సరిపోతాయి కాబట్టి ఛందస్సును బట్టి ఏది అసలు పాఠమో చెప్పలేం.

రూల్‌బుక్:
లఘువు గారి లెక్క ప్రకారం స్లూకాకు పద్యం అతుకుతుంది, అదీ ఒక షరతు మీద.

జరిగింది ఇది. హోలీ క్రాస్ కాలేజీ నుంచి యూఎన్‌ఎల్‌వీకి వచ్చిన క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడు అతను. 2024 సీజన్‌లో జట్టు ఆడిన మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచింది. ఆ వెంటనే ఇక ఆడనన్నాడు. సహాయ కోచ్ ఒకరు కనీసం లక్ష డాలర్లు ఇస్తామని మాటిచ్చారనీ, అందింది 3 వేలేననీ అతని ఏజెంటు చెప్పారు. యూనివర్సిటీ ఆ డిమాండును 'ఆడినందుకు డబ్బు' అడగడంగా తీసుకుంది. అది ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) నిబంధనలకూ నెవాడా చట్టానికీ విరుద్ధమంది.

మూడు మ్యాచ్‌ల దగ్గరే ఆగడానికి కారణం ఉంది. అప్పటి నిబంధనలో ఫుట్‌బాల్ ఆటగాడు ఒక సీజన్‌లో 4 మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ ఏడాది అతని నాలుగేళ్ల కోటాలోంచి పోదు. దీన్నే రెడ్‌షర్ట్ అంటారు. ఐదో మ్యాచ్‌లో ఒక్క బంతికి దిగినా ఏడాది ఖర్చయినట్టే. అందుకే ఇలాంటి పేచీలు సెప్టెంబరు చివర్లో బయటపడతాయి. స్లూకా 2025లో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీకి ఆడాడు.

షరతు ఏమిటంటే, ఇక్కడ దొర ఎవరు? 2021 జులై 1 నుంచి ఆటగాడు తన పేరు, రూపం, గుర్తింపు అమ్ముకోవచ్చు (దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు). కానీ 2025 జూన్ దాకా యూనివర్సిటీ తన ఖజానాలోంచి నేరుగా ఇవ్వకూడదన్న నిబంధన ఉండేది. డబ్బు అభిమానుల చందాలతో నడిచే కలెక్టివ్ అనే వేరే సంస్థ నుంచి రావాల్సి ఉండేది. మాటిచ్చింది కోచ్, చెక్కు రాయాల్సింది కలెక్టివ్, సంతకం ఎక్కడా లేదు. కోచ్ మాట కలెక్టివ్‌ను కట్టిపడేయదు. కలెక్టివ్ మీద దావా వేద్దామంటే కాగితం లేదు. అడిగితే జీతం ఇవ్వాల్సినవాడు ఎవరో తేలకపోవడమే అక్కడ అసలు చిక్కు.

మాగాణి:
నాకు లఘువు గారితో పేచీ ఉంది. పద్యాన్ని బాకీకే కట్టేస్తే బేరమాడటం తప్పన్న భావం వచ్చేస్తుంది. ఇయామలియావా విషయంలో తెలుగు వ్యాఖ్యలన్నీ 'ఆశ' మీదే నడిచాయి.

అతనికి కాగితం ఉంది. హైస్కూల్లో ఉండగానే, 2022లో, టెన్నెసీ కలెక్టివ్‌తో సుమారు 80 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరిందని పత్రికలు రాశాయి. 2024 సీజన్‌లో జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఏడాదికి 40 లక్షల దాకా పెంచమని అతనివైపు నుంచి అడిగారన్నది వార్త. 2025 ఏప్రిల్ 11న ప్రాక్టీసుకు రాలేదు. మర్నాడే కోచ్ జాష్ హైపెల్ 'అతను లేకుండానే ముందుకెళ్తాం' అని తేల్చేశారు. అతను లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏకి వెళ్లాడు. అక్కడున్న క్వార్టర్‌బ్యాక్ జోయీ అగిలార్ టెన్నెసీకి వచ్చాడు. ఆ సీజన్‌లో యూసీఎల్ఏ 3 గెలిచి 9 ఓడింది.

ఇక్కడ బాకీ లేదు, ఒప్పుకుంటాను. కానీ పద్యంలో రెండో సగం ఉంది కదా. 'వడిగల యెద్దుల గట్టుక' అన్నారు, ఊరికే ఎద్దులనలేదు. కొలువు మానేముందు అరక సిద్ధంగా ఉండాలి. అతను తప్పింది అక్కడ. ఏప్రిల్ నడిమధ్యకు పెద్ద జట్లన్నీ క్వార్టర్‌బ్యాక్‌లను ఎంచేసుకున్నాయి, వాళ్లకు పోయాల్సిన డబ్బు పోసేశాయి. అడగడం తప్పు కాదు, అడిగిన నెల తప్పు.

ఇంకోటి, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది: పన్ను. టెన్నెసీలో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలో 10 లక్షల డాలర్లు దాటిన భాగం మీద 13.3 శాతం. ఎండార్స్‌మెంట్ (ప్రకటనల) ఆదాయానికి ఎవరూ ముందుగా పన్ను కోసి ఇవ్వరు. స్వయం ఉపాధి పన్ను ఒక పరిమితి దాకా 15.3 శాతం, దానిమీద ఫెడరల్ పన్ను, పైన రాష్ట్రానిది. అంచనా పన్ను ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15 తేదీల్లో నాలుగుసార్లు కట్టాలి. 'నాకు అక్కడ ఎక్కువ ఇస్తానన్నారు' అనేముందు చేతికి ఎంతొస్తుందో రెండు రాష్ట్రాలకూ వేసి చూసుకోవాలి.

లఘువు:
మాగాణి గారూ, బేరం తప్పని నేననలేదు. బేరానికి ఈ పద్యం సాక్ష్యం కాదన్నాను. 'వడిగల' మీద మీ అన్వయం మాత్రం బాగుంది, తీసుకుంటున్నాను.

ఇప్పుడు 'జీతం' సంగతి. తెలంగాణ పల్లెల్లో 'జీతం ఉండటం' అంటే ఏడాది కట్టుబడికి ఒక ఇంట్లో పనికి కుదరడం. జీతగాడు నడుమ లేచిపోతే పెద్దమనుషుల దగ్గర పంచాయితీ. కాలేజీ ఆటగాడికి ఇచ్చేదాన్ని జీతం అనొచ్చా? 2021కి ముందున్న స్థితిని ఎవరో 'వెట్టి' అన్నారు, అది నాకు నచ్చలేదు. వెట్టికి ప్రతిఫలం ఉండదు. వీళ్లకు ఫీజు, వసతి, తిండి ఉండేవి. చేసిన పనికి సరిపడా ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న.

రూల్‌బుక్:
అమెరికాలో కోర్టుల్లో నలుగుతున్నదే ఆ మాటండీ. జీతం అని ఒప్పుకుంటే ఆటగాడు ఉద్యోగి అవుతాడు. ఉద్యోగి అయితే ఓవర్‌టైమ్, యూనియన్, బీమా అన్నీ వెంట వస్తాయి. 2024 మార్చిలో డార్ట్‌మౌత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 13–2తో యూనియన్‌కు ఓటేశారు. ఆ ఏడాది చివర్లో యూనియన్ కోసం వేసిన పిటిషన్‌ను వెనక్కి తీసుకున్నారు. యూనివర్సిటీలు జీతం అన్న మాటను దగ్గరికి రానివ్వవు.

మరి ఇచ్చేది ఏ పేరుతో? 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ హౌస్ కేసు (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) రాజీని ఆమోదించారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు. జులై 1 నుంచి రాజీలో చేరిన ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, 2025–26కి దాని పరిమితి 2.05 కోట్ల డాలర్లు. కాగితం మీద అది ఆటకు కూలి కాదు. ఆటగాడి పేరూ రూపమూ వాడుకునే హక్కును యూనివర్సిటీ నిర్ణీత కాలానికి తీసుకోవడం. మన మాటల్లో దానికి సరిగ్గా సరిపోయేది 'కౌలు'. పొలం ఆటగాడిదే, కౌలుదారు యూనివర్సిటీ.

ఆ మాట పెట్టుకుంటే గొడవలు ఎక్కడ పుడతాయో తేలిగ్గా కనిపిస్తుంది. సంతకానికి ముందు చూడాల్సినవి ఇవి. చెల్లించేది ఎవరు, యూనివర్సిటీనా, కలెక్టివా, బయటి కంపెనీనా? నెలవారీనా, సీజన్ చివరా? పోర్టల్‌లో (బదిలీ కోరే ఆటగాళ్ల ఆన్‌లైన్ జాబితాలో) పేరు పడిన రోజే చెల్లింపు ఆగుతుందా, నెల పూర్తయ్యాకా? ముందు తీసుకున్నది తిరిగి కట్టాలా, ఒప్పందంలో మిగిలిన సొమ్ములో ఎంత శాతం పరిహారంగా కట్టాలి? 2025 ఏప్రిల్‌లో ఇయామలియావా తమ్ముడు ఆర్కాన్సా వదిలినప్పుడు, పరిహారం క్లాజును కలెక్టివ్ అమలు చేయించడానికి తన మద్దతు ఉందని అక్కడి అథ్లెటిక్ డైరెక్టర్ బహిరంగంగానే అన్నారు. హక్కులు యూనివర్సిటీ ఒక్కదానికేనా, వెళ్లిపోయాక కూడా దాని దగ్గరే ఉంటాయా? ఈ చివరిది చాలామంది చదవరు. పాత యూనివర్సిటీ చేతిలో హక్కులుంటే కొత్తచోట జెర్సీ కూడా అమ్ముకోలేని పరిస్థితి వస్తుంది.

బయటి కంపెనీ ఒప్పందం 600 డాలర్లు లేదా ఆపైన ఉంటే, కుదిరిన 5 పనిదినాల్లో ఎన్‌ఐఎల్ గో అనే వ్యవస్థలో నమోదు చేయాలి. నిజమైన వ్యాపార అవసరం ఉందా, ఆ పనికి ఆ రేటు సబబేనా అని చూస్తారు. కలెక్టివ్ 'అభిమానులను కలవడానికి' లక్షలు రాస్తే ఆగేది ఇక్కడే.

ఏటిగట్టు:
'వడిగల యెద్దులు' అన్నారు కదా, పోర్టల్‌కు గడువెంత?

రూల్‌బుక్:
ఆటను బట్టి మారుతుంది. ఫుట్‌బాల్‌కు 2026లో అందరికీ వర్తించే కిటికీ (పేరు ఇవ్వడానికి తెరిచి ఉంచే గడువు) ఒకటే, జనవరి 2 నుంచి 16 వరకు. ఏప్రిల్ కిటికీ ఎత్తేశారు. మాగాణి గారు చెప్పిన 'తప్పు నెల' ఇక రాదన్నమాట. ఆటగాడు తన యూనివర్సిటీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పాలి. వాళ్లు రెండు పనిదినాల్లో పేరు ఎక్కించాలి. పేరు ఎక్కాకే వేరే కోచ్‌లు మాట్లాడొచ్చు. అంతకుముందు మాట్లాడితే అది టాంపరింగ్. పేరు ఎక్కిన క్షణం నుంచి పాత యూనివర్సిటీ ఆ టర్మ్ చివర స్కాలర్‌షిప్ రద్దు చేయొచ్చు. వెనక్కి తగ్గినా తిరిగిస్తారన్న హామీ లేదు. మారినచోట ఎన్ని క్రెడిట్లు లెక్కలోకి వస్తాయో ముందే రాయించుకోవాలి. చదువులో అర్హత నిలవకపోతే ఏ ఒప్పందమూ ఆడించలేదు.

పోర్టల్ లేకుండా కూడా వెళ్లొచ్చు. 2025 జనవరిలో జేవియర్ లూకస్ విస్కాన్సిన్ చదువు మానేసి మయామీలో చేరిపోయాడు. తమ ఒప్పందాన్ని చెడగొట్టారని ఆ జూన్‌లో విస్కాన్సిన్ దావా వేసింది, కుర్రాడి మీద కాదు, మయామీ యూనివర్సిటీ మీద.

మాగాణి:
ఎఫ్-1 వీసా మీద వెళ్లి టెన్నిసో స్క్వాషో ఆడే మన పిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. మీ పిల్లలకు ఈ పద్యం రెండో సగం అక్కడ చెల్లదు. అమెరికా గడ్డ మీద ఎండార్స్‌మెంట్ షూటింగ్, సంతకాల కార్యక్రమం, డబ్బు తీసుకుని పోస్టు, ఇవన్నీ అనుమతి లేని పనిగా పరిగణిస్తే స్టేటస్ పోతుంది. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని అనుమతిలోకి ఇది రాదు. కొందరు సెలవులకు సొంత దేశానికి వచ్చినప్పుడు పని చేసి అక్కడే పూర్తి చేసుకుంటారు. యూనివర్సిటీ నేరుగా పంచే డబ్బు సంగతి ఇంకా మసకగానే ఉంది, కాబట్టి వలస చట్టం తెలిసిన లాయరు చదవకుండా సంతకం పెట్టనివ్వకండి. కోచ్ భరోసా చాలదు.

బదిలీ కూడా రెండు వేర్వేరు పనులు. పోర్టల్ ఆటకు, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) వీసాకు. కొత్తచోట అడ్మిషన్ లెటరు చేతికొచ్చాక పాత యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో విడుదల తేదీ వేయించాలి. ఆ తేదీ దాటాకే కొత్త ఐ-20 (వీసా స్టేటస్‌కు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇస్తారు. విడుదల అయ్యాక ఐదు నెలల్లోపు కొత్త క్లాసులు మొదలవ్వాలి. పోర్టల్‌లో పేరు పెట్టి, సెవిస్ మాట మరిచి చదువు మానేస్తే, జట్టు దొరికేలోపే స్టేటస్ పోతుంది. కోచ్ ఆఫీసులో అడుగుపెట్టేముందు అంతర్జాతీయ ఆఫీసుకు వెళ్లమనండి.