గాలికొండ వ్యూపాయింట్: ఏడాది పొడుగునా ఒకే ఫ్రేమ్ కుదరడం లేదు

కొండగాలి: అరకు దారిలో గాలికొండ నుంచి లోయను అన్ని కాలాల్లో ఒకే ఫ్రేమ్‌లో తీసి వరసగా పేర్చాలని ప్రయత్నం. ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెడితే దగ్గరి కొమ్మ ఒకలా, దూరపు కొండ ఒకలా జరుగుతున్నాయి. రంగులూ కలవడం లేదు. ఏపీఎస్-సీ (కాస్త చిన్న సెన్సర్) కెమెరా, 18–55 ఎంఎం జూమ్ లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి. ఏ వేళకు వెళ్లాలో కూడా చెప్పండి.

అడుగుజాడ: కొమ్మ, కొండ వేరువేరుగా జరిగాయంటే కెమెరా నిలబెట్టిన చోటే మారిందండీ. కెమెరా కాస్త పక్కకు తిరిగితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, చోటు మారితే చేయలేదు. 18 ఎంఎం దగ్గర కెమెరా 10 సెంటీమీటర్లు పక్కకు జరిగితే, 3 మీటర్ల దూరంలోని కొమ్మ 24 మెగాపిక్సెల్ ఫొటోలో 150 పిక్సెళ్ల దాకా జరుగుతుంది. 3 కిలోమీటర్ల అవతలి కొండ ఒక్క పిక్సెల్ కూడా కదలదు.

రాతి మీద పెయింట్ గుర్తులు మాత్రం వద్దు. ఎడమవైపు దగ్గరి రాతి అంచు ఒకటి, దాని వెనక కొండ నొక్కు ఒకటి ఒకే గీతలో పడేలా చూసుకోండి. కుడివైపూ అలాంటి జత ఇంకొకటి. రెండు జతలూ ఒకేసారి కలిసే చోటు ఒక్కటే ఉంటుంది. గుర్తులకు చెట్లను వాడొద్దు, ఏడాదిలో పెరుగుతాయి. నేల నుంచి లెన్స్ మధ్య దాకా టేపుతో కొలిచి ఎత్తు రాసుకోండి. జూమ్ 18 చివరికి తిప్పి వదిలేయండి. 24, 28 లాంటి నడిమి అంకెలు రెండోసారి అచ్చంగా అక్కడే పడవు. చుట్టూ పదో వంతు ఖాళీ ఉంచి తీస్తే తర్వాత కత్తిరించుకోవచ్చు.

మంచుతెర: రంగులకు: రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో) తీయండి, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గ సర్దుబాటు) ప్రతిసారీ 5200 కెల్విన్ దగ్గరే ఉంచండి. ఆటోలో పెడితే పొగమంచు నీలాన్ని, సాయంత్రం ఎరుపును కెమెరాయే తుడిచేస్తుంది. ఎఫ్/8, ఐఎస్ఓ 100, దూరపు కొండ మీద మాన్యువల్ ఫోకస్. మంచు తెల్లగా కమ్మినప్పుడు కెమెరాలో వెలుగు కొలిచే మీటరు దాన్ని బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచండి. పోలరైజర్ (మెరుపు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) ఈ వరసకు పనికిరాదు: సూర్యుడున్న దిక్కును బట్టి దాని ప్రభావం మారుతుంది, 18 ఎంఎంలో ఆకాశం ఒక మూల నల్లబడుతుంది. గాలికి కదలకుండా ట్రైపాడ్‌కు సంచి వేలాడదీస్తే అది నేలకు ఆనాలి, ఊగితే ఇంకా నష్టం. వానాకాలం ఏసీ కారులోంచి కెమెరా తీస్తే లెన్స్ చెమరుస్తుంది. చేరడానికి పావుగంట ముందే ఏసీ కట్టేయండి.

సూర్యరేఖ: వేళ గురించి. గడియారం చూసి వెళ్లొద్దు. జూన్‌కీ డిసెంబరుకీ సూర్యోదయం గంట తేడా. ఉదయించే చోటు కూడా తూర్పుకు ఇటు 25, అటు 25 డిగ్రీలు జరుగుతుంది. కాబట్టి "సూర్యోదయం తర్వాత గంటన్నర" అని పెట్టుకోండి. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపుంటాడు, నీడలు తిరగబడతాయి.

మార్చి, ఏప్రిల్‌లో పోడు పొగకు దూరపు కొండలు మాసిపోతాయి. వాన పడిన మర్నాడు ఉదయం వెళ్లండి. జూలై, ఆగస్టుల్లో మంచు తెరలు తెరలుగా విడుస్తుంది, రెండు నిమిషాలకొకటి చొప్పున అరగంట తీసి ఏరుకోండి. వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు పచ్చదనం, గాలి తేట రెండూ దొరుకుతాయి, ఆ నెల వదలొద్దు. వలిసె పూల పసుపు కావాలంటే నవంబరు, డిసెంబరుల్లో అరకు పొలాల దగ్గర రెండో చోటు ఎంచుకోవాల్సిందే.

కొండగాలి: మరి పాత మూడు ఫొటోలు?

అడుగుజాడ: కింది భాగంలో కొమ్మలున్నంత మేర కత్తిరించి, కొండల గీత మీద మాత్రమే హ్యూగిన్‌లో (ఫొటోలు కలిపే సాఫ్ట్‌వేర్) కలపండి. ఎత్తు తగ్గిన వెడల్పాటి ఫొటోల వరసగా వాడుకోవచ్చు.