శ్రీశైలం అడవి రోడ్డులో బండి ఆగింది: కారులో ఏం ఉంచుకోవాలి, ఆర్‌ఎస్‌ఏ (రోడ్‌సైడ్ అసిస్టెన్స్) తీసుకోవాలా?

నల్లమల ప్రయాణం:
అందరికీ నమస్కారం. పోయిన కార్తీకంలో అమ్మానాన్నలను తీసుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరాం. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి, వటవర్లపల్లి కూడా దాటాక, సాయంత్రం ఆరున్నరకి వెనక టైరు పంచర్. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కానీ వీల్ నట్లు ఒక్కటీ కదల్లేదు, టైర్ల షాపులో గన్‌తో బిగించినవి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. తొమ్మిదికి అడవి చెక్‌పోస్ట్ గేట్లు వేసేస్తే ఇక బండ్లే రావు కదా అని ఒకటే టెన్షన్, అమ్మ ముఖం చూస్తే నాకు చేతులు ఆడలేదు. చివరికి ఒక డీసీఎం డ్రైవర్ ఆగి తన పొడుగు పానాతో విప్పి టైరు మార్చి పెట్టాడు, డబ్బులిస్తే తీసుకోలేదు.
ఈ నెలాఖరుకి ఇన్సూరెన్స్ రెన్యువల్. ఏజెంట్ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో బండి ఆగిపోతే సాయం పంపే సేవ) కూడా తీసుకోమంటున్నాడు. సిగ్నలే లేని చోట అదెందుకు పనికొస్తుంది? మీరు నిజంగా వాడిన వస్తువులు మాత్రమే చెప్పండి.

పాత డీజిల్:
కారుతో వచ్చే పానా పిడి చాలా పొట్టిగా ఉంటుందండీ, బలం చాలదు. ప్లస్ గుర్తులా నాలుగు చేతులుండే వీల్ పానా కొని డిక్కీలో పడేయండి. చాలామంది ముందు జాకీ ఎత్తేసి తర్వాత నట్లతో కుస్తీ పడతారు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి, పిడి అడ్డంగా పెట్టి కాలితో తొక్కితే మొండి నట్టు కూడా దిగుతుంది. తర్వాతే జాకీ.
ఇంకొకటి, లైటర్ సాకెట్‌కి పెట్టుకునే గాలి పంపు. నాకు ఇది మూడుసార్లు పనికొచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లో మేకు దిగితే పీకకండి, అలాగే గాలి కొట్టి, మధ్యలో చూసుకుంటూ నెమ్మదిగా షాపు దాకా వెళ్ళిపోవచ్చు. స్టెప్నీలో గాలి నెలకోసారి చూడండి, అసలు అవసరమైన రోజున అందులోనే గాలి ఉండదు.

సూర్యాపేట రూట్:
ఆర్‌ఎస్‌ఏ తీసుకోండి, కానీ కాగితం చదివి తీసుకోండి. 65వ నంబర్ హైవే మీద రాత్రి పదకొండింటికి నా బండిలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయింది. కంపెనీ వాళ్ళు రెండున్నర గంటలకి టోయింగ్ బండి పంపారు, తీరా వచ్చాక ఇన్ని కిలోమీటర్ల వరకే ఉచితం, పై దూరానికి మీరే కట్టాలన్నారు. పాలసీలో అది రాసే ఉంది, నేనే చూడలేదు. అందుకే కిలోమీటర్ల పరిమితి, ఏడాదికి ఎన్నిసార్లు, స్పేర్ పార్ట్‌లు ఎవరి ఖర్చు, ఈ మూడూ ఇప్పుడే అడగండి. ఆటోమేటిక్ గేర్ల బండి అయితే చక్రాలు నేల మీద ఈడ్చకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకెళ్తారా అని కూడా. బండి కొత్తదైతే షోరూమ్ వాళ్ళు ఇచ్చిన ఆర్‌ఎస్‌ఏ ఇంకా నడుస్తూ ఉండొచ్చు, రెండుసార్లు కట్టొద్దు. నేషనల్ హైవేల మీద హైవే హెల్ప్‌లైన్ 1033కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు.
సిగ్నల్ సంగతంటారా, పాలసీ నంబర్, హెల్ప్‌లైన్ నంబర్ కాగితం మీద రాసి ఉంచండి. ఎదురొచ్చే బస్సు డ్రైవర్‌కి ఇస్తే సిగ్నల్ వచ్చిన చోట ఆయనే ఫోన్ చేస్తాడు.

రెండు చేతులు:
పైవాళ్ళు టైరు గురించే చెప్తున్నారు, దయచేసి మనుషుల సంగతి ముందు చూడండి. హైవే మీద ఆగితే హజార్డ్ లైట్లు వేసి, ఎడమ వైపు తలుపుల్లోంచి అందరినీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టాలి. ఆగి ఉన్న బండిని వెనక నుంచి లారీ గుద్దడం నేను కళ్ళారా చూశాను. వెనక వచ్చేవాళ్ళని హెచ్చరించే ఎర్ర ట్రయాంగిల్ కనీసం యాభై మీటర్ల వెనక పెట్టండి, ఘాట్‌లో మలుపు తిరగ్గానే ఆగిపోతే మలుపుకి ముందే పెట్టాలి. నల్లమలలో మాత్రం రోడ్డు వదిలి పొదల్లోకి వెళ్ళొద్దు, అది టైగర్ రిజర్వ్. తలకి పెట్టుకునే టార్చ్ కొనండి, ఫోన్ లైట్ పట్టుకుంటే పని చేయడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. పెద్దవాళ్ళ మందులు, నీళ్ళు ఒక పూటకి ఎక్కువే ఉండనివ్వండి.

కొత్త కారు:
మా బండికి స్టెప్నీనే ఇవ్వలేదు, పంచర్ రిపేర్ కిట్ ఇచ్చారు. 2020లో నిబంధన మారింది, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్, గాలి ఎంతుందో కనిపెట్టే సిస్టమ్ ఉంటే స్టెప్నీ లేకుండా అమ్మొచ్చు. టైరు పక్క గోడ చీలితే ఆ కిట్‌తో ఏమీ కాదు, నాలాంటి వాళ్ళకి ఆర్‌ఎస్‌ఏ తప్పనిసరి.

నల్లమల ప్రయాణం:
అందరికీ థ్యాంక్స్ అండీ. మీ మాటలు చదివి ఇప్పుడే కిందికెళ్ళి స్టెప్నీ చూశాను, 14 పీఎస్‌ఐ ఉంది, ఉండాల్సింది 33. ముందు దానికి గాలి కొట్టించాలి. నట్లు కూడా విప్పించి, గన్‌తో కాకుండా చేతి పానాతో బిగించమంటాను. ఏజెంట్‌కి కిలోమీటర్ల పరిమితి ఎంతో అడుగుతూ మెసేజ్ పెట్టాను. ఆదివారం సెల్లార్‌లో చక్రం మార్చి చూస్తాను, మా ఆవిడ కూడా తనకీ నేర్పమంది.