అప్‌డేట్: అద్దం సీన్ నటుడు దొరికాడు

అద్దం లేని ఖాళీ ఫ్రేమ్ ముందు గడ్డం గీసుకునే టోపీవాలా ఎవరు, చాప్లిన్‌ని కాపీ కొట్టాడా అని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పిందే కరెక్ట్, ఆయన ఫ్రెంచ్ మూకీ సినిమాల హాస్యనటుడు మాక్స్ లిండర్. కాపీ మాట వెనక్కి తీసుకుంటున్నా! చాప్లినే తన ఫోటో మీద ఈయన్ని గురువని, తనను శిష్యుడని రాసి ఇచ్చాడట.

1905లో 'పాతే' అనే ఫ్రెంచ్ సినిమా కంపెనీలో చేరి, సిల్కు టోపీ, చేతికర్రతో షోకిలా మాక్స్ పాత్రను నిలబెట్టాడు. కొన్నేళ్లకే డైరెక్షన్ కూడా తనదే.

నిన్న రాత్రి ఆ సినిమా మొత్తం చూశా: 1921 నాటి 'సెవెన్ ఇయర్స్ బ్యాడ్ లక్', అమెరికాలో తీసింది. పనివాళ్లు అద్దం పగలగొడతారు. అది తెలియకుండా వంటవాడు మాక్స్ వేషంలో ఖాళీ ఫ్రేమ్ అవతల నిలబడి, ఈయన ఏం చేస్తే అది చేస్తాడు. చివరికి మాక్స్ మోసం పసిగడతాడు. ఈలోపు కొత్త అద్దం బిగించేస్తారు. ఇంకా ఖాళీయే అనుకుని బూటు విసురుతాడు, భళ్లున పగులుతుంది. అక్కడ రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నా.

1925లో, 41 ఏళ్లకే పోయాడు. అప్పటికి పసిబిడ్డగా ఉన్న కూతురు మోద్, పెద్దయ్యాక ఆయన సినిమాలను వెతికి కాపాడింది.