కోవూరు మిల్లు లారీకి నల్లపిల్లి గుర్తు వేయొచ్చా?

ఆటోనగర్_నెల్లూరు:
అందరికీ నమస్కారం. కోవూరు దగ్గర మూతపడిన రైసు మిల్లులో ఇరవై ఏళ్ళుగా రేకుల షెడ్డు కింద పడి ఉన్న పాత మిలిటరీ లారీ ఒకటి కొన్నాను. షెవ్రొలే సీ60ఎల్, రెండో ప్రపంచ యుద్ధం కోసం కెనడాలో చేసింది, మూడు టన్నుల బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి. ముందు అద్దం పైభాగం ముందుకు వాలి ఉంటుందే, ఆ మొండిమూతి క్యాబిన్. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు మిగులు బళ్ళు అమ్మేస్తుంటే (డిస్పోజల్‌లో) ఎవరో కొని సైదాపురం వైపు మైకా గనుల్లో తిప్పారట, అక్కడి నుంచి మిల్లుకొచ్చింది. అసలు ఇంజన్ ఎప్పుడో పోయింది, ఇప్పుడు పెర్కిన్స్ డీజిల్ ఉంది, స్టార్ట్ అవుతుంది. రేకు పని అయిపోవచ్చింది, ఇక రంగూ గుర్తులూ మిగిలాయి. ముందు బంపర్ మీద ఒకవైపు బర్మాలో పోరాడిన 17వ ఇండియన్ డివిజన్ వాళ్ళ నల్లపిల్లి, ఇంకోవైపు సైన్యానికి సరుకులు తోలే సర్వీస్ కోర్ ఎరుపు ఆకుపచ్చ డబ్బా, బానెట్ పక్కన ఎల్‌తో మొదలయ్యే నంబరు, ఏ వంతెన ఈ బండి బరువు ఆపుతుందో తెలిపే పసుపు గుండ్రంలో నల్ల అంకె (వంతెన గుర్తు), ఇవీ అనుకున్నవి. తలుపు మీద తెల్ల నక్షత్రం కావాలని పిల్లల గోల. ఆగస్టు 15కి బయటకు తీయాలి. ఏది ఎక్కడ, ఎంత సైజులో వేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

గూడూరు_వాడు:
నక్షత్రం లేకపోతే అది మిలిటరీ బండని ఎవరికి తెలుస్తుందన్నా. పెద్దది వేయించు.

పాతరంగు_ఒంగోలు:
ముందు ఒక్క మాట చెప్పండి. ఈ లారీ 17వ డివిజన్‌లో నడిచిందని మీకెలా తెలుసు? కాగితం ఉందా, రంగు కింద ఏమైనా కనిపించిందా? ఎల్ వరకూ సరే. బ్రిటిష్ పద్ధతిలో ఎల్ అంటే లారీ, మోటార్ సైకిల్‌కు సీ, కారుకు ఎమ్, అంబులెన్స్‌కు ఏ, టన్ను లోపు బండికి జెడ్. మూడు టన్నుల బండికి ఎల్ రావాల్సిందే. కానీ ఆ ఎల్ పక్కన ఏ అంకెలు వేస్తారు? ఊహించి వేస్తారా? నక్షత్రం సంగతీ అంతే. అది మొదట అమెరికా వాళ్ళ గుర్తు. చుట్టూ గుండ్రం 1943లో సిసిలీ దండయాత్రకు వచ్చింది, 1944 జూన్‌లో నార్మండీకి అది మిత్రదేశాలందరి గుర్తయింది. మీ బండి ఏ సంవత్సరంలో ఏ దేశంలో తిరిగిందో తెలియకుండా వేస్తే అది అలంకారం అవుతుంది గానీ గుర్తు కాదు. ఇంకో సంగతి, రేకు పని అయిపోవచ్చింది అన్నారు. పాత రంగు ఎంత గీకారు? దయచేసి ఆపండి.

రూల్స్_కావలి:
గుర్తుల మాట తర్వాత, అసలు రంగు ఏది వేస్తున్నారు? 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 121వ రూలు ఉంది. రక్షణ శాఖ బళ్ళకు తప్ప ఇంకే మోటారు బండికీ ఆలివ్ గ్రీన్ రంగు ఉండకూడదు. నెల్లూరులో రోడ్డెక్కిన రోజే పట్టుకుంటారు. 2021లో వింటేజ్ బళ్ళ రూల్స్ వచ్చాయి కదా అంటారేమో, యాభై ఏళ్ళు దాటిన బళ్ళకు వీఏ అని వచ్చే నంబరు ఇస్తారు, కానీ అవి టూవీలర్లకూ సొంత కార్లకూ. లారీకి కాదు.

ఆటోనగర్_నెల్లూరు:
రూల్స్ అన్నా, ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్తాను, రోడ్డు మీద నడపను. పాతరంగు గారూ, కాగితాలు లేవు. డెబ్బై ఏళ్ళ కిందట మైకా గనిలో తిరిగిన బండికి కాగితాలు ఎవరిస్తారండీ? అలాంటి లారీలు లక్షల్లో చేశారు, బర్మా యుద్ధంలో అన్ని డివిజన్లూ వాడాయి. ఏదో ఒక డివిజన్‌ది కాకుండా పోతుందా?

రూల్స్_కావలి:
ట్రాలీ మీద ఉన్నా రూలు రూలే. అందులో ఉన్నది రంగు గురించి, నడపడం గురించి కాదు.

పెయింటర్_ట్రంకురోడ్డు:
నేను ముప్పై ఏళ్ళుగా లారీల మీద రాస్తున్నా. పిల్లి గుర్తుకు స్టెన్సిల్ కోసుకోండి, చేత్తో వేస్తే రెండు పిల్లులు ఒకలా రావు. తెలుపు మరీ తళతళలాడకూడదు, మ్యాట్ వాడండి.

పాతరంగు_ఒంగోలు:
"ఏదో ఒక డివిజన్‌ది" అనేదే నాకు పడదు. 4వ డివిజన్ ఎర్ర గద్ద, 5వ డివిజన్‌కు నల్ల పలక మీద ఎర్ర గుండ్రం, 17వ డివిజన్‌కు మొదట మెరుపు గుర్తు ఉండి తర్వాత నల్లపిల్లి వచ్చింది. ఒక్కోదాని వెనక ఒక్కో దారి, ఒక్కో ఎండ, ఒక్కో వాన. నల్లపిల్లి బాగుందని దాన్ని తీసుకుంటున్నారు.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. మా నాన్న చీమకుర్తి క్వారీల్లో డ్రైవర్. ఆయన నడిపింది ఆర్మీ వేలంలో వచ్చిన శక్తిమాన్ లారీ. క్యాబిన్‌లో డ్యాష్‌బోర్డు మీద మేకుతో గీతలు గీసి ట్రిప్పుల లెక్క పెట్టుకునేవాడు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. నేను చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి ఎక్కాలు చదివేవాణ్ణి. నాన్న పోయాక ఓనర్ ఆ బండిని ఊరి బయటి సేకరణదారుకు అమ్మాడు. రెండేళ్ళకు చూడటానికి వెళ్ళాను. గీతల మీద పుట్టీ పెట్టి నున్నగా రుద్దేశారు. తలుపుల మీద తెల్ల నక్షత్రాలు. జబల్‌పూర్‌లో పుట్టిన శక్తిమాన్ మీద నక్షత్రాలు. బయట నిలబడి ఫోటో కూడా తీసుకోకుండా వచ్చేశాను. మీరు గీకుతున్నది అదే.

గూడూరు_వాడు:
అయ్యో. అయినా ఈ అన్న బండి వేరు కదా.

శక్తిమాన్71_గిద్దలూరు:
నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్‌గా చేశాను, 1971లో తూర్పు వైపు ఉన్నాను. మీరందరూ గుర్తులు ఎలా వేయాలని మాట్లాడుతున్నారు. మేము కదిలే ముందు రాత్రి వచ్చిన ఆర్డరు గుర్తులు కప్పేయమని. ఏ ఫార్మేషన్, అంటే ఏ డివిజనో బ్రిగేడో, ఎటు వెళ్తుందో శత్రువుకు తెలియకూడదు కదా. బంపర్ మీద ఫార్మేషన్ గుర్తు మీద రంగు కొట్టాం, రంగు అయిపోయాక బురద పూశాం. చేతులకంటిన ఆ బురదతోనే రొట్టె తిన్నాను. కాబట్టి యుద్ధంలో లారీ ఎలా ఉండేదో అచ్చంగా చూపించాలంటే, బంపర్ మీద నిగనిగలాడే పిల్లి కాదు, బురద పూసిన చోటు చూపించాలి.

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు. గుర్తంటే మాకు మెడల్ లాంటిది. పక్కవాడి మెడల్ పెట్టుకుని పరేడ్‌కు వెళ్తే ఏమంటారు?

ఆటోనగర్_నెల్లూరు:
పెద్దాయనా, మీ మీద గౌరవం ఉంది, కానీ మెడల్ దొంగతనం చేశానన్నట్టు మాట్లాడారు. మూడు రోజులుగా అందరూ నన్ను నిలదీస్తున్నారు గానీ పిల్లి ఎందుకు కావాలని ఒక్కరూ అడగలేదు.

మా తాత సర్వీస్ కోర్ డ్రైవరే. యుద్ధంలో దీమాపూర్ నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్ దాకా, అక్కడి నుంచి బర్మాలోని తిడ్డిం వెళ్ళే రోడ్డు మీద 17వ డివిజన్‌కు బియ్యం, పెట్రోలు తోలాడు. 1944 మార్చిలో ఆ డివిజన్ తిడ్డిం నుంచి ఇంఫాల్‌కు వెనక్కి వచ్చినప్పుడు ఆ దారిలోనే ఉన్నాడు. తిరిగొచ్చాక ఉదయగిరి బస్సు నడుపుకున్నాడు. యుద్ధం గురించి ఇంట్లో నోరు విప్పలేదు. ఆయనది ఒక్క ట్రంకు పెట్టె మిగిలింది, మూత లోపల ఎనామిల్ రంగుతో ఆయనే వేసుకున్న నల్లపిల్లి. ఒక చెవి రాలిపోయింది. మా అమ్మ అందులో మినుములు పోసేది. నాకు పెద్దయ్యేదాకా అది మామూలు పిల్లి బొమ్మే.

ఆయన నడిపిన లారీ నాకు దొరకదు. ఇది దొరికింది, అదే రకం, అదే సీటు, అదే స్టీరింగు. ఆయన పేరు రాతి మీద ఎక్కడా లేదు, మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఈ బంపర్ మీద పిల్లి వేస్తే ఒక్కడైనా ఆగి, ఇదేం బొమ్మ అని అడుగుతాడు. నా పెయింటు, నా డబ్బు, నా తాత. ఒంగోలులో కూర్చుని నాకు నీతి చెప్పొద్దు.

రూల్స్_కావలి:
తాత గారికి నమస్కారం. కానీ ఆలివ్ గ్రీన్ వేస్తున్నారా లేదా?

పాతరంగు_ఒంగోలు:
రూల్స్ గారూ, కాసేపు ఆగండి.

అన్నా, నీతి చెప్పలేదు. తాత సంగతి మొదటి రోజే రాసి ఉంటే నేను ఇంకోలా మాట్లాడేవాణ్ణి. అయినా నా మాట మారదు. మీ తాత పిల్లి ట్రంకు పెట్టె మీద ఉంది, అది నిజం, ఆయన చేత్తో వేసింది. దాన్ని తెచ్చి లారీ పక్కన పెట్టండి, నేనే వచ్చి దణ్ణం పెడతాను. కానీ ఈ లారీని కూడా ఎవరో నడిపారు కదా. ఆయనకూ ఒక మనవడు ఉండొచ్చు. మీ తాత పేరు రాయడానికి ఆయన పేరు చెరిపేస్తున్నారు. మా నాన్న గీతల మీద పుట్టీ పెట్టినవాడు కూడా చెడ్డవాడు కాదు, వాడికి వాడి నక్షత్రాలు ఇష్టం.

ఆటోనగర్_నెల్లూరు:
ఆయన ఎవరో ఎప్పటికీ తెలియదు. తెలియనివాడి కోసం తెలిసినవాణ్ణి వదులుకోమంటారా?

పాతరంగు_ఒంగోలు:
గీకితే ఎప్పటికీ తెలియదు. అంతే నేను చెప్పేది.

పెయింటర్_ట్రంకురోడ్డు:
రేకు ముక్క మీద పిల్లి రాసిస్తాను, బంపర్‌కు రెండు బోల్టులతో బిగించుకో. వద్దనుకున్న రోజు విప్పేయొచ్చు.

శక్తిమాన్71_గిద్దలూరు:
తమ్ముడూ, మెడల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ తాత మా కోర్ మనిషి. ఒక్కటి అడుగుతాను. ఎవరైనా ఆగి, ఈ లారీ తిడ్డిం రోడ్డు మీద నడిచిందా అని అడిగితే ఏం చెబుతావు?

ఆటోనగర్_నెల్లూరు:
(రెండు రోజుల తర్వాత)
ఆ ప్రశ్నకు జవాబు దొరక్క మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. బంపర్ అసలుది కాదు, మిల్లువాళ్ళు ఇనుప చానెల్ కోసి వెల్డింగ్ చేయించారు, అక్కడ ఏ గుర్తున్నా పోయినట్టే. బానెట్ పక్కన నేను అప్పటికే రేకు దాకా రుద్దేశాను, పాతరంగు గారు అన్నది నిజమే. వెనక డాలా తలుపు ఎడమ మూల మాత్రం ముట్టుకోలేదు. సన్నటి వాటర్ పేపర్‌తో తడి చేసుకుంటూ మెల్లగా రుద్దాను. పైన మిల్లు ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద బూడిద కలిసిన బ్రౌన్. ఆ బ్రౌన్ మీద అరచేయంత చదరం, పై సగం తెలుపు, కింద సగం నీలం. నీలం మీద అంకె ముక్క ఒకటి, 6 కావచ్చు, 8 కావచ్చు. ఎరుపు ఆకుపచ్చ ఎక్కడా లేదు. వెలుతురు చాలక ఆపేశాను. అదేమిటో చెప్పండి.

శక్తిమాన్71_గిద్దలూరు:
పైన తెలుపు, కింద నీలం అంటే సిగ్నల్స్, సైన్యంలో వైర్‌లెస్, టెలిఫోను చూసేవాళ్ళు. సర్వీస్ కోర్ బండి కాదు తమ్ముడూ. వైర్‌లెస్ సెట్లనో కేబుల్ చుట్టలనో మోసి ఉంటుంది.

రూల్స్_కావలి:
అడుగు రంగు బ్రౌనా? 1942 నుంచి 1944 ఏప్రిల్‌లో ఆలివ్ డ్రాబ్ వచ్చేదాకా బ్రిటిష్ వాళ్ళు తమ బళ్ళకు బ్రౌనే వేసేవారు. అదే వేయండి, 121తో పేచీ ఉండదు.

గూడూరు_వాడు:
మరి పిల్లి?

ఆటోనగర్_నెల్లూరు:
తెలియదు. నిన్న రాత్రి ట్రంకు పెట్టె తెచ్చి క్యాబిన్‌లో సీటు మీద పెట్టాను. సరిగ్గా పట్టింది. అంతవరకే చేశాను.

పాతరంగు_ఒంగోలు:
ఆ మూలను ఇక తాకొద్దు. తడి గుడ్డ కూడా వద్దు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు బయల్దేరుతాను, పక్క నుంచి లైటు వేసి ఫోటోలు తీస్తే ఆ అంకె తేలొచ్చు. పెట్టె కూడా షెడ్డులోనే ఉంచండి.