సైకిల్ గేర్లలో ఇటలీ కంపెనీ కాంపన్యోలో గొప్పా, జపాన్ కంపెనీ షిమానో గొప్పా?

పాతచక్రం:
"కాంపన్యోలో పాత పేరు చెప్పుకుని బతుకుతోంది, కొత్తవన్నీ షిమానోవే" అని నిన్న ఒకాయన రాశారు. నేనొప్పుకోను. 1920లలో రేసు సైకిళ్లలో గేరు మారాలంటే దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించాలి. 1927 నవంబర్‌లో ఇటలీలోని క్రోచే దౌనె కనుమ ఎక్కుతుంటే తుల్లియో కాంపన్యోలోకి చలికి వేళ్లు కొంకర్లు పోయి, చక్రాన్ని పట్టి ఉంచే వింగ్ నట్లు ఊడిరాలేదట. చిన్న మీట తిప్పితే చాలు చక్రం ఊడొచ్చే క్విక్ రిలీజ్ ఆలోచన అక్కడే పుట్టిందంటారు. 1933లో విచెంజాలో కంపెనీ పెట్టాడు.

ఇనుపగుర్రం:
కథ బాగుంది గురూ, కానీ దాన్ని నమ్మని చరిత్రకారులూ ఉన్నారు. సరే, వదిలేద్దాం. 1984కి ముందు గేరు మార్చడం ఎలా ఉండేదో గుర్తుందా? లీవర్ కాస్త ఎక్కువ లాగి, చైన్ గరగర ఆగేదాకా చెవి రిక్కించి మళ్లీ వెనక్కి సర్దాలి. షిమానో ఆ ఏడాది తన రేసు గేర్ల సెట్టు డ్యూరా-ఏస్‌లో ఒక్కో గేరు దగ్గర టక్కుమని ఆగే లీవర్ పెట్టింది. 1990లో గేరు మార్చే మీటని బ్రేక్ లీవర్‌లోకే తెచ్చేసింది. కాంపన్యోలో వాళ్ల అలాంటి లీవర్, ఎర్గోపవర్, 1992లో గానీ రాలేదు.

వాలుదారి:
మీరిద్దరూ ఇంకో జపాన్ కంపెనీ సన్‌టూర్‌ని మర్చిపోయారు! చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపే వెనక డీరైలర్‌ని ఏటవాలుగా కదిలేలా చేసింది 1964లో వాళ్లే. డీరైలర్‌లో చైన్‌ని నడిపే చిన్న కప్పీ పళ్లచక్రాల వాలు వెంటే జరుగుతుంది కాబట్టి రెంటి మధ్య దూరం పెద్దగా మారదు, చైన్ తడబడదు. ఆ పేటెంట్ గడువు తీరాకే షిమానో దాన్ని అందుకుని, టక్కుమనే లీవర్‌తో జత చేసింది. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది.

ఇనుపగుర్రం:
అది నిజమే, కాదనను. కానీ లీవర్, కేబుల్, చైన్, పళ్లచక్రాలు అన్నీ కలిపి ఒకే సెట్టుగా ఆలోచించింది షిమానో. విడి భాగం ఎంత గొప్పదైనా పక్కదానితో కుదరకపోతే ఏం లాభం?

పాతచక్రం:
సన్‌టూర్ సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ వాలుదారి గారూ. లీవర్ల విషయంలో షిమానోదే పైచేయి, ఒప్పుకుంటున్నా. కానీ వెనక 11 పళ్లచక్రాలు 2008లో రోడ్డు రేసుల్లోకి తెచ్చింది కాంపన్యోలోనే కదా? పైగా ఎర్గోపవర్‌లో స్ప్రింగ్ అరిగితే విప్పి కొత్తది వేసుకోవచ్చు. షిమానో లీవర్ లోపల పోతే మొత్తం మార్చాల్సిందే అంటారు చాలామంది. దీనికేమంటారు ఇనుపగుర్రం గారూ?