తాను అంటే హిమ్‌సెల్ఫేనా?

తొమ్మిదో తరగతి చదివే మా అన్నయ్య కూతురు 'తాను వస్తానని రవి చెప్పాడు' అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ 'తాను' ఉన్నచోట 'హిమ్‌సెల్ఫ్' పెట్టింది. టీచరు ఎర్ర సిరాతో కొట్టేసి 'హి' అని దిద్దారు. "తాను అంటే హిమ్‌సెల్ఫ్ అని నేర్పింది వాళ్లే కదా బాబాయ్, మరి తప్పెందుకైంది?" అని నా మీదికొచ్చింది.

వెంటనే జవాబు తోచలేదు. ప్రొనౌన్లు ఎనిమిది రకాలని చిన్నప్పుడు వల్లించినవాళ్లమే. ఆ ఎనిమిది పేర్లూ అప్పజెప్పినా ఈ చిక్కు విడదు.

ఇంగ్లీషు రిఫ్లెక్సివ్ ప్రొనౌన్, అంటే కర్తనే తిరిగి చూపే హిమ్‌సెల్ఫ్ వంటి మాట, సాధారణంగా తానున్న ఉపవాక్యం (ఒక క్రియ, దాని చుట్టూ ఉన్న మాటలు) గడప దాటదు. 'రవి హర్ట్ హిమ్‌సెల్ఫ్' అన్నప్పుడు రవీ, హిమ్‌సెల్ఫూ ఒకే క్రియ కింద ఉన్నారు కాబట్టి సరిపోయింది. పైగా అది ఒంటరిగా కర్త స్థానంలో కూర్చోదు. 'హి హిమ్‌సెల్ఫ్ కేమ్' అంటారు కదా అనవచ్చు. అక్కడ కర్త 'హి'. హిమ్‌సెల్ఫ్ ఉన్నది నొక్కి చెప్పడానికే, మన 'అతనే వచ్చాడు'లోని ఏకారంలాగా.

మన 'తాను' అలా కాదు. ఉపవాక్యంలో దర్జాగా కర్తగా కూర్చుని, బయట మాట్లాడుతున్న రవిని చూపిస్తుంది. 'అతను వస్తాడని రవి చెప్పాడు' అంటే వచ్చేది మరొకడు. 'తాను వస్తానని' అంటే రవే. ఇంగ్లీషులో రెండింటికీ 'హి' ఒక్కటే దిక్కు. ఎవరన్నది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. 'రవి తన బండి అమ్మాడు', 'రవి అతని బండి అమ్మాడు' అన్నా అంతే. 'హిజ్' ఒక్కటే రెండిళ్ల కాపురం చేస్తుంది. అనుమానం తీరాలంటే 'ఓన్' తగిలించాలి.

అసలు వింత క్రియలో ఉంది. 'తాను' ప్రథమ పురుష ('అతను', 'ఆమె' వరస), 'వస్తాను' ఉత్తమ పురుష ('నేను' వరస)! రవి అన్నది 'నేను వస్తాను' అని. అందులో 'నేను' మారింది, క్రియ మాత్రం రవి నోట వచ్చినట్టే ఉండిపోయింది. 'తాను పోటీ చేయనని మంత్రి చెప్పారు' వంటి వాక్యాలు పత్రికల్లో ఎన్ని చదివి ఉంటానో, ఒక్కనాడూ పట్టించుకోలేదు.

పిల్లకు చిన్న కిటుకు చెప్పాను: 'తాను' తీసి 'నేను' పెట్టి రవి మాటగా చదువు. అతికితే అక్కడ కావలసింది 'హి', హిమ్‌సెల్ఫ్ కాదు.

ఒక మెలిక మిగిలింది. మాటల్లో 'తను ఇంకా రాలేదు' అంటాం. ఈ 'తను' వెనక్కి ఎవరినీ చూపడం లేదు, నేరుగా ఒక మనిషి. స్నేహితురాలిని 'అది' అంటే చులకన, 'ఆవిడ' అంటే మరీ పెద్దరికం. నడుమ 'తను' హాయిగా ఉంటుంది. నాకైతే ఇష్టమే. కానీ 'తను వస్తుందని లత చెప్పింది' అంటే? 'వస్తానని' లేదు కాబట్టి, నా చెవికి వచ్చేది లత కాదు, ఇంకొకామె. మా ఆవిడ మాత్రం లతే అంటోంది. మీ ఇళ్లలో ఎవరు వస్తున్నట్టు?